కొంచెం అడ్జస్ట్ అవ్వండి

లోవగుమ్మ
డిసెంబరు 1

అక్కా,

ముందు చలి సంగతి రాసేస్తే మిగతాదంతా కోపంగా రాసుకోవచ్చు. చలి బాగానే ఉంది. పొద్దున్న బకెట్లో చెయ్యి పెడితే వేళ్లు నావి కాదనిపిస్తోంది. అయిపోయింది.

నాన్నని చూడ్డానికి మాడుగుల వెళ్లి తిరిగొచ్చేసరికి మా స్కూల్లో ఒక గది మాయమైంది. నీకు తెలుసుగా, ఇది ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల. పిల్లలు పడుకోవడానికి ఉన్నవి రెండే గదులు. పెద్దపిల్లలకొకటి, చిన్నపిల్లలకొకటి. చిన్నపిల్లల గదికి ఇప్పుడు తాళం. అందరూ ఒకే గదిలో, చాప మీద చాప. ఒకతె పక్కకి తిరగాలంటే వరసంతా తిరగాలి. ఎవరో ఒకతె దగ్గితే వరసంతా లేస్తోంది.

వార్డెన్ రమణమ్మగారిని అడిగాను. "స్టాకొచ్చింది జయశ్రీ. రెణ్ణెల్లు. పిల్లలు అడ్జస్ట్ అవుతారులే" అంది, చేతిలో టీ గ్లాసు కదలకుండా. ఎవరి స్టాకంటే "పెద్దోళ్లది" అంది. ఇక్కడ పెద్దోళ్లంటే మైదానం నుంచి వచ్చిన వ్యాపారస్థులని నాకూ తెలుసు. ఇది గిరిజనుల నేల, మైదానం మనవాళ్లు ఇక్కడ స్థలం కొనకూడదు, గొడౌను కట్టకూడదు కదా. అందుకని కట్టి ఉన్నవాటిలో దూరతారు.

మర్నాడు ఎనిమిదో తరగతి ఇంగ్లీషు క్లాసులో రత్నాలు లేచి నిలబడింది. దీని గురించి ముందు కూడా రాశాను, జడ పైకి మడిచి కట్టుకునే గుంట, ఎవరైనా గట్టిగా మాట్లాడితే నవ్వేస్తుంది. "మేడం, అడ్జస్ట్ అంటే ఏటి? వార్డెనమ్మ రోజూ అంతాది. పుస్తకంలో నేదు."

ఇంగ్లీషు ఎమ్మే చదివాను, ఒక్క మాటకి అర్థం చెప్పలేకపోయాను. "సర్దుకోవడం" అన్నాను. "మరి సర్దుకోండి అనొచ్చు గదా" అంది. క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం ఆ ప్రశ్న ఇప్పటికీ ముల్లులా ఉంది. సర్దుకో అనే మాట మనకి ఉంది కదా, ఇదెందుకు తెచ్చుకున్నాం? నాకు తోచింది చెప్తాను. సర్దుకో అంటే ఎదుటివాడికి అది పెత్తనమని తెలిసిపోతుంది. అడ్జస్ట్ అవ్వండి అంటే మర్యాదలా వినిపిస్తుంది. పెత్తనానికి ఇస్త్రీ చొక్కా తొడిగినట్టు.

పాడేరు నుంచి వచ్చేటప్పుడు వరహాలు జీపులో వచ్చాను. ప్రతి మలుపులో ఇంకొకరిని ఎక్కిస్తూ "కొంచెం అడ్జస్ట్ అవ్వండమ్మా" అన్నాడు. తన డ్రైవరు సీటు పక్కన మాత్రం తన టిఫిను డబ్బా, దాని మీద తువ్వాలు, హాయిగా కూర్చుని ఉన్నాయి. చూస్తున్నాను అక్కా, ఈ మాట ఎప్పుడూ కూర్చున్నవాడి నోట్లోంచి నిలబడ్డవాడి మీద పడుతుంది. నిలబడ్డవాడు అనగా నేనెప్పుడూ వినలేదు.

ఒక సాయం చెయ్యి. నా లావుపాటి డిక్షనరీ మీ అటక మీద ఉంది. ఆ మాట ఎక్కడిదో, ఏమని రాసుందో చూసి రాయి. ఫోను చెయ్యకు. ఇక్కడ ఫోను టార్చిలైటుకే పనికొస్తుంది. అక్కడ నీ ఫోనుకి వచ్చినవన్నీ బావ చదివాక గాని నువ్వు చదవవు. ఉత్తరం వరహాలు చేతికిచ్చి పంపు. దీన్ని నీ చేతికే ఇమ్మన్నాను, దుకాణంలో ఇవ్వొద్దన్నాను.

జయ


పాడేరు
డిసెంబరు 8

జయా,

ఉత్తరం చదువుతున్నంతసేపూ నువ్వు పక్కన నిలబడి చేతులు తిప్పుతున్నట్టే ఉంది. నీ డిక్షనరీ చింతపండు బుట్ట కింద దొరికింది. అట్టకి జిగురంటింది, తుడిచాను, తిట్టకు.

నా ఇంటరు ఇంగ్లీషుకి అది కొరుకుడు పడలేదు. ఒక్కో గీతా చదువుకుని రాస్తున్నాను. అర్థాలు చాలా ఉన్నాయి. కొంచెం కొంచెం తిప్పి సరిగ్గా కుదిర్చడం మొదటిది. గడియారం, అద్దం, నడుము బెల్టు అని ఉదాహరణలిచ్చాడు. కొత్త పరిస్థితికి అలవాటు పడడం చివర్లో ఉంది. ఎక్కడిదీ అన్నావు కదా, పాత ఫ్రెంచిలోంచి వచ్చిందట. అంతకుముందు లాటిన్‌లో 'దగ్గరికి, పక్కకి' అనే మాట ఉండేదట. పక్కకి చేర్చడమన్నమాట. తర్వాత ఎప్పుడో చదువుకున్నవాళ్లు దీన్లో న్యాయం అనే మాట ఉందనుకున్నారట. నిజానికి లేదట, అనుకున్నారంతే. ఒక్క మాట వెనక ఇంత ఉంటుందా అనిపించింది. ఉప్మా మాడిపోయింది.

నాకో సంగతి గుర్తొచ్చింది. నా పెళ్లిచూపులకి వచ్చినప్పుడు మా అత్తగారు ఒక్కటే అడిగింది. చదువడగలేదు, వంటడగలేదు. "గుంట అడ్జస్ట్ అవుతాదాండీ?" అంది. నాన్న ఛాతీ ముందుకి పెట్టి, "మా అనూరాధా? ఎక్కడ పెడితే అక్కడ అడ్జస్ట్ అవుతాదండీ" అన్నాడు. కుట్టుమిషను అమ్ముతున్నట్టు. నేను జంతికల పళ్లెం పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. అప్పుడు నాకది మెచ్చుకోలే అనిపించింది. నవ్వొచ్చింది కూడా.

ఇంక నీ సంగతి. గది గొడవ నెత్తినేసుకోకు. నీది గెస్టు పోస్టు. పిలిచినవాళ్లకి నచ్చినన్నాళ్లే. మీ బావ నలుగురితో మాట్లాడితే వచ్చిందని నీకూ తెలుసు. రెండు నెలలంటే ఇట్టే అయిపోతాయి. రమణమ్మగారితో మాటకి మాట వేసుకోకు. పిల్లలకి దుప్పట్లు కావాలంటే ఇక్కడ పాతవి నాలుగున్నాయి, వరహాలుతో పంపిస్తాను.

ఆ గది కిటికీలు బాగా మూసుకుంటాయా? ఊరికే అడిగాను.

అక్క


లోవగుమ్మ
డిసెంబరు 15

అక్కా,

దుప్పట్లు చేరాయి. నిన్ను మెచ్చుకోను. ఎందుకో చివర్లో చెప్తాను, ముందుగా చెప్తే మిగతా ఉత్తరం చదవవు.

నువ్వు పంపిన అర్థాలు బోర్డు మీద రాశాను. అద్దం, గడియారం, బెల్టు. ఆ మాట పుట్టినచోట వస్తువుల్ని తిప్పుతారు, మనం మనుషుల్ని తిప్పుతాం అన్నాను. న్యాయం సంగతీ చెప్పాను. లోపల న్యాయం లేదు, చదువుకున్నవాళ్లు ఉందనుకున్నారు అన్నాను. పిల్లలకి అది బ్రహ్మాండంగా నచ్చింది. రత్నాలు ఆ వాక్యాన్ని రెండుసార్లు చెప్పించుకుంది.

తర్వాత ఆ మాటతో ఒక్కో వాక్యం రాసుకు రమ్మన్నాను, ఏ భాషలో అయినా. కొన్ని చూడు.

'జీపులో మా తాత అడ్జస్ట్. కాలు బయట.'

'సంతలో కాటా అడ్జస్ట్. మా అమ్మ ఏడుపు.'

రత్నాలు రాసింది: 'వార్డెనమ్మకి రూము ఉంది. మాకు అడ్జస్ట్ ఉంది.'

దీన్ని తప్పు అని ఎర్ర ఇంకుతో దిద్దమంటావా? నేను దిద్దలేదు.

ఇప్పుడు గది సంగతి. లోపల ఏముందో పిల్లలకి నాకంటే ముందే తెలుసు. ఎలాగంటే, ఇది మొదట్లో ఒకటే పొడుగాటి హాలు. తర్వాత మధ్యలో గోడ లేపారు. గాలాడాలని ఆ గోడని పైదాకా కట్టలేదు. తలెత్తు కంటే కాస్త ఎక్కువ, అంతే. దాని పైన రేకుల దాకా ఖాళీ. బయటినుంచి చూస్తే రెండు తలుపులు, రెండు గదులు. లోపల పడుకుంటే ఒకటే గది. అటు ఎలకలు తిరిగితే ఇటు పిల్లలు లేస్తారు. ఇటు పిల్లలు విసిరిన చెప్పు అటు పడుతుంది, ఇక రాదు.

అలా చెప్పు పడేసుకుని రత్నాలు ట్రంకు పెట్టెలు పేర్చి ఎక్కి చూసింది. దిగొచ్చి, "మేడం, బస్తాలు. మూతికి ఎర్ర దారం, జడ నాగ కుట్టినారు" అంది.

నేనూ ఎక్కాను. ట్రంకు పెట్టె మీద నిలబడి, ఫోను టార్చి వేసి, ఎమ్మే చదివిన గెస్టు టీచరు దొంగలా గోడ మీంచి చూసింది. రాజ్మా బస్తాలు, రేకుల దాకా. ప్రతి మూతికీ గొలుసు కుట్టు, ఎర్ర దారం. పురికొసతో కుడితే సందుల్లోంచి పురుగు దూరుతుందని చీర ఫాల్ దారంతో బస్తా కుట్టే మనిషి ఈ ఏజెన్సీ మొత్తానికి ఒక్కతే. ఆవిడ మా అక్క.

కిటికీలు మూసుకుంటాయా అని ఊరికే అడిగావు కదూ?

రెండు వారాలుగా నేను ఎవరి మీద మండిపడుతున్నానో నీకు తెలుసు. తెలిసీ నాకు లాటిన్ రాసి పంపావు. పెళ్లిచూపుల కథ చెప్పి నవ్వించావు. దుప్పట్లు పంపావు. మీ బస్తాలకి గది, మా పిల్లలకి మీ పాత దుప్పట్లు. చాలా బాగుంది అక్కా, లెక్క కుదిరింది.

ఇక్కడి కొండల మీద గింజలు కొన్నారు, సరే. ధర పెరిగేదాకా దాచుకుంటారు, సరే. ఆ గింజలు పండించినవాళ్ల పిల్లల్ని లేపి వాళ్ల చాపల మీద ఆ గింజల్నే పడుకోబెట్టారు. ఇది చెయ్యడానికి ఎంత తెలివి కావాలో అంత తెలివీ మన ఇంట్లోనే ఉన్నందుకు నాకు తల కొట్టేసినట్టుంది.

నేను పాడేరు వచ్చి, మా స్కూళ్లు చూసే గిరిజన సంక్షేమ ఆఫీసులో చెప్తాను. పోస్టు పోతే పోనీ. ముందు నీకు చెప్పాను, ఎందుకంటే నువ్వు నా అక్కవి. ఆ మాటకి అర్థం నీ దగ్గర ఇంకా ఉంటే రాయి. డిక్షనరీ చూడకుండా.

జయశ్రీ


పాడేరు
డిసెంబరు 17

జయా,

తిట్లన్నీ తర్వాత పడతాను. ఇది వెంటనే చదువు. వరహాలుకి సంత రోజు కాకపోయినా పైకి వెళ్లమని చెప్పి పంపిస్తున్నాను.

గోడ పైదాకా లేదన్నావు. అది నాకు తెలీదు. మీ బావకీ తెలీదు. ఆయన గది చూసినప్పుడు బయట రెండు తలుపులు చూసుకుని రెండు గదులనుకున్నారు. ఆ ధైర్యంతోనే పెట్టారు.

గింజలకి పురుగు పట్టింది. ఈ సంత రోజు మధ్యాహ్నం మీ బావ వచ్చి మాత్రలు పెడతారు. మాత్రలంటే నీకు తెలీదు. ఇక్కడి మా అద్దె గొడౌన్లో ఏటా పెడతాం. బస్తాల మధ్య పెట్టి, తలుపులు మూసి, సందుల్లో మట్టి మెత్తి వచ్చేస్తారు. లోపల గాలి విషమైపోతుంది. పురుగులు, ఎలకలు అన్నీ చస్తాయి. పోయినేడు ఒక కుక్క ఎలా దూరిందో దూరింది. తలుపు తీసినప్పుడు గుమ్మం దగ్గర, మూతి సందుకి ఆనించి పడుంది. మాత్రలు పెట్టినప్పట్నుంచి పది రోజుల వరకు నన్ను ఆ వీధిలోకే వెళ్లనివ్వలేదు మీ బావ. అంత జాగ్రత్త.

నీ ఉత్తరం రాగానే ఆయనకి చెప్పాను. నువ్వు చెప్పావని కాదు, గోడ గురించి ఎవరో అన్నారని. ఇలా గోడ పైన ఖాళీ ఉంది, అవతల పిల్లలు పడుకుంటారు, వద్దు అన్నాను. ఆయన అన్నం కలుపుతున్నారు. కలుపుతూనే, "రెండ్రాత్రులు వరండాలో పడుకోమని రమణమ్మకి చెప్తాను. పిల్లలే కదా, అడ్జస్ట్ అవుతారు" అన్నారు.

నాకు పది రోజులు, పిల్లలకి రెండు రాత్రులా అన్నాను. "పది రోజులు బయట పడుకోబెడితే ఎవరైనా అడుగుతారు" అన్నారు. నెయ్యి వెయ్యమన్నారు.

వేశాను జయా. చెయ్యి అలవాటైపోయి వేసేసింది. వేశాక ఆ చెయ్యి చూసుకున్నాను.

నువ్వు అడిగావు కదా, డిక్షనరీ చూడకుండా అర్థం రాయమని. రాస్తున్నాను. ఎవడికో ఖరీదు ఎక్కువవుతుందని ఇంకొకడు తగ్గడం. అంతే. నాకిన్నేళ్లూ అది మంచితనం అనిపించింది.

ఈ కాయితంలో మడిచిపెట్టింది ఆ గది రెండో తాళంచెవి. జారిపోకుండా దారం కట్టాను. నేను దీని గురించి ఎవరికీ చెప్పలేదు, నువ్వూ చెప్పకు. ఆయన వచ్చేలోపు బస్తాలు బయట ఉండాలి. ఆఫీసుకి తర్వాత వెళ్దువుగాని. ఆఫీసుకి వెళ్తే కాయితం నడుస్తుంది, ఈలోగా ఆయన జీపు నడుస్తుంది.

అనూరాధ


లోవగుమ్మ
డిసెంబరు 21

అక్కా,

గది ఖాళీ అయింది. పిల్లలందరూ బాగున్నారు. అది ముందు రాశాను, ఇప్పుడు నెమ్మదిగా చదువు.

నీ ఉత్తరం వచ్చిన రోజు రమణమ్మగారికి చూపించలేదు, విషయం మాత్రం చెప్పాను. మాత్రల సంగతి తనకి తెలీదంది, బహుశా నిజమే. "ఆయన వస్తే నేనేటి సెప్పగలను జయశ్రీ, నన్ను బదిలీ సేయించేత్తాడు" అంది. నేను ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి తీసుకెళ్లి పైకి చూడమన్నాను. చూసింది. తర్వాత వంటగదిలోకి వెళ్లిపోయింది. అడ్డు పడలేదు, అంతే. అది కూడా ఈ ఊళ్లో తక్కువేం కాదు.

సంత రోజు కోసం ఆగాను. నీకు తెలుసుగా, ముంచింగిపుట్టు సంతకి దిగే తల్లులు దార్లో పిల్లల్ని చూసుకుని వెళ్తారు. జడ వేసి, చెంగులో తెచ్చిన కాల్చిన దుంప పెట్టి, దిగిపోతారు. ఆ పొద్దున్న వాళ్లని ఆపాను. ఏం చెప్పాలో రాత్రంతా తయారు చేసుకున్నాను, పెద్ద ఉపన్యాసం. అవసరం రాలేదు. రత్నాలు వాళ్లమ్మతో వాళ్ల భాషలో నాలుగు ముక్కలు అంది, గోడ పైకి చెయ్యి చూపించింది. తల్లులు కావిళ్లు దించేశారు.

తాళం నేనే తీశాను. ఇద్దరేసి పట్టుకుని బస్తాలు ఆవరణలోకి మోశారు. ఒకావిడ బస్తాకి చిన్న కన్నం ఉంటే వేలు పెట్టి ఒక గింజ తీసి చూసి, పక్కావిడకి చూపించి, ఏదో అంది. ఇద్దరూ నవ్వారు. నవ్వులో పళ్లున్నాయి గాని నవ్వు లేదు. ఏమందని రత్నాలుని అడిగితే, "మా కొండ గింజలే, మమ్మల్ని సూడ్డానికొచ్చినాయి అంతంది" అంది.

మధ్యాహ్నానికి బావ వచ్చాడు. వరహాలు జీపులోనే. చేతిలో మాత్రల డబ్బా ఉన్న సంచి. ఆవరణ నిండా తన బస్తాలు చూసి జీపు దిగడం మర్చిపోయాడు. దిగాక అరవలేదు. బావ అరవడు కదా, ఇస్త్రీ చొక్కా మనిషి.

"ఏటి జయా ఇది? మంచుకి సరుకు తడిసిపోతే?"

పిల్లలు తడిస్తే ఫరవాలేదు కదా బావా అన్నాను. ఆయన నా వైపు చూడలేదు. రమణమ్మగారి వైపు చూశాడు. ఆవిడ పాపం పాత పాటే ఎత్తుకుంది, "పిల్లలూ, రెండ్రోజులు కొంచెం అడ్జస్ట్..." అని. సగంలో ఆగింది. ఎందుకంటే తలుపు ముందు చాపలు పరుచుకుని పిల్లలు కూర్చున్నారు, మొత్తం అందరూ, తల్లులు వెనక. ఎవరూ నినాదాలివ్వలేదు. కదల్లేదంతే. రత్నాలు నవ్వే రకమని చెప్పాను కదా, అప్పుడు నవ్వలేదు.

"మేం అడ్జస్ట్ అయిపోనాం సారూ. ఇంక మీరు అవ్వండి."

ఆ మాట నిలబడ్డవాడి నోట్లోంచి నేను వినడం అదే మొదటిసారి. నిలబడి కూడా కాదు, చాప మీద కూర్చుని.

బావ అప్పుడు నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. ఈ ఉద్యోగం ఎవరు వేయించారో గుర్తుందా అన్నాడు. గుర్తుంది బావా, అందుకే బస్తాలు జాగ్రత్తగా దించాం, ఒక్కటీ చినగలేదు అన్నాను. తాళం ఎలా తీశావన్నాడు. నేను చెప్పనక్కర్లేకపోయింది. తాళంచెవి ఇంకా తలుపుకే ఉంది, దానికి నీ ఎర్ర దారం వేలాడుతోంది. నేను విప్పడం మర్చిపోయాను అక్కా. అంత చదువూ చదివి దారం ముక్క విప్పడం మర్చిపోయాను.

ఆయన ఆ దారాన్ని వేళ్లతో పట్టుకుని చూశాడు. బస్తాలు ఎక్కించమన్నాడు. వరహాలు ఇంకో రెండు జీపులు పిలిపించాడు. ఎక్కించేటప్పుడు బావ ముందు సీట్లో కూర్చోబోతే వరహాలు, "సారూ, ఇక్కడ కూడా రెండు బస్తాలెయ్యాల, కొంచెం అడ్జస్ట్ అవ్వండి" అన్నాడు. నిజంగా జాగా లేకనో, మరెందుకో తెలీదు. వాడి మొహం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది.

రెండో గదిలో పిల్లలు పడుకుంటున్నారు. మొదటి రాత్రి ఇటు తిరిగి అటు తిరిగి, జాగా ఉందని నవ్వుకుంటూ చాలాసేపు పడుకోలేదు.

జనవరి నుంచి గెస్టు టీచర్లు అక్కర్లేదని నాకు కబురొచ్చింది. దానికి ఏడవను. ఆఫీసులో చెప్పడానికి ఇప్పుడు నాకు ఖాళీ బాగా దొరుకుతుంది. నాకు భయమల్లా ఆ దారం గురించే. ఇంట్లో ఏం జరుగుతోందో రాయి. ఈసారి ఉప్మా మాడిందని రాస్తే ఊరుకోను.

జయ


పాడేరు
జనవరి 2

జయా,

ఉప్మా మాడలేదు. ఈ మధ్య ఉప్మా చెయ్యడానికి వంటింట్లోకి దారే లేదు.

బస్తాలన్నీ మన ఇంటికొచ్చాయి. గొడౌను నిండిపోయి ఉంది కదా, మరెక్కడికి వస్తాయి? హాలు నిండింది. వంటింటి గుమ్మం సగం మూసుకుపోయింది. దేవుడి గూటి ముందు కూడా రెండు నిలబెట్టారు. ఆ రోజు ఆయన దారం గురించి ఏమీ అడగలేదు. దింపించి, చేతులు కడుక్కుని, "నెల రోజులు. కొంచెం అడ్జస్ట్ అవ్వాలి" అన్నారు. శిక్ష అదేనని అర్థమైంది. అంతకంటే గట్టిగా మాట్లాడే మనిషి కాదు కదా.

నేను సరేనన్నాను. ఎప్పట్లాగే అన్నాను గనక ఆయనకి అనుమానం రాలేదు.

మర్నాడు మాత్రలు హాల్లో పెడతారేమోనని చూశాను. పెట్టలేదు. మేస్త్రీని పిలిచి కిటికీలు చూపించారు, వెంటిలేటర్లు చూపించారు, మన పడగ్గదికీ హాలుకీ మధ్య తలుపు కింద సందెంతుందో వంగి చూశారు. మేస్త్రీ ఏమీ కాదు బాబూ, గుడ్డ పెడితే సరి అన్నాడు. మీ బావ ఒప్పుకోలేదు. "మేం పడుకునేది ఇవతలే కదా" అన్నారు. ఒక చిన్న తలుపు కింద సందు, జయా. అక్కడ గోడ పైన మనిషి దూరేంత ఖాళీ.

అప్పుడొచ్చింది నాకు కోపం. నీలాగా రాదు నాకు, నీకు తెలుసు. నీది అగ్గిపుల్ల. నాది పొట్టు పొయ్యి, ఎప్పుడంటుకుందో కూడా తెలీదు, ముట్టుకుంటే తెలుస్తుంది. మేస్త్రీని కాఫీ తాగి వెళ్లమన్నాను. పనమ్మాయి యర్రమ్మని పిలిచి, ఆయన మంచం పట్టుకోమన్నాను. ఇద్దరం కలిసి హాల్లోకి మోశాం. బస్తాల మధ్య ఒక మనిషి పట్టేంత జాగా ఉంది. అక్కడ వేశాను. దుప్పటి కప్పాను, దిండు పెట్టాను. మంచినీళ్ల చెంబు పెట్టడానికి బస్తా ఉండనే ఉంది.

ఆయన దుకాణం కట్టేసి వచ్చి చూశారు. మంచాన్ని చూశారు, నన్ను చూశారు. పడగ్గది తాళంచెవి నా బొడ్లో ఉంది, దానికి ఎర్ర దారం కట్టి ఉంది, కనపడేలాగే కట్టాను. "ఏటిది అనూ?" అన్నారు.

ఆ లాటిన్ సంగతి చెబుదామనుకున్నాను. పక్కకి చేర్చడమండీ, అంతే, తప్పు కాదు అని. నా నోటికి చిన్నమాటే వచ్చింది.

"సరుకు అమ్మేదాకా. కొంచెం అడ్జస్ట్ అవ్వండి."

పది రోజులు దాటింది. గింజల పురుగులు ఆయన దిండు మీద పాకుతున్నాయి, రోజూ పొద్దున్న దులుపుకుంటున్నారు. నిన్న విశాఖపట్నం బేరగాడికి ఫోను చేశారు, వచ్చిన ధరకి ఇచ్చేస్తానని. ఇన్నేళ్లలో వచ్చిన ధరకి ఇవ్వడం ఇదే మొదలు.

రేపు వరహాలు జీపులో వచ్చెయ్. ఆఫీసుకి నీతో నేనూ వస్తాను. ఆ బస్తాలు కుట్టింది నేనని నా నోటితో చెప్పాలి, ఇంకెవరి చేతా చెప్పించకూడదు. వస్తూ రత్నాలు రాసిన వాక్యం ఉన్న కాయితం తీసుకురా. నీ డిక్షనరీలో ఆ మాట ఉన్న పేజీలో అంటిస్తాను. ఆ పేజీలో ఉదాహరణలన్నీ అద్దాలూ గడియారాలే. అక్కడ మనుషులకి కొంచెం చోటు కావాలి.

నీ మంచం పడగ్గదిలో, నా మంచం పక్కన వేశాను.

అక్క